హైడ్రిల్లా ఆకులో కణద్రవ్యం పరుగు చూద్దాం

నమస్కారం. కణం బొమ్మ గీయమంటే మనం ఏం చేస్తాం? చుట్టూ ఒక గీత, మధ్యలో కేంద్రకం, అక్కడక్కడా శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు. మిగిలిన ఖాళీలో నాలుగు చుక్కలు పెట్టి, బాణం గుర్తు గీసి "కణద్రవ్యం" అని రాసేస్తాం. మార్కులు కూడా పడిపోతాయి. ఈ రోజు మన పని ఆ చుక్కలున్న చోటే.

ఇదిగో హైడ్రిల్లా. చెరువుల్లో, కాలువల్లో దొరుకుతుంది, అక్వేరియం షాపుల్లోనూ అమ్ముతారు. లేత ఆకు ఒకటి తుంచి స్లైడు మీద నీటిచుక్కలో పెట్టండి. దీని మందం రెండు కణాలే కాబట్టి బ్లేడుతో కోయక్కర్లేదు. కవర్‌స్లిప్ వేసి, ముందు చిన్న లెన్సుతో మధ్య ఈనె వెతకండి. తర్వాత 40 ఎక్స్ లెన్సుకి మారండి. మొదట ఏమీ కదలకపోవచ్చు. టెన్షన్ పడకండి, దీపం వెలుగులో ఐదు పది నిమిషాలు వదిలేయండి. ఆ ఓపిక లేక నేను మొదటిసారి మూడు ఆకులు పారేశాను.

ఆ, ఇప్పుడు చూడండి. పచ్చటి గింజల్లాంటివి గోడ వెంబడి వరుసగా పోతున్నాయి కదా? అవి హరితరేణువులు. వాటంతట అవి ఈదడం లేదు. కణద్రవ్యంలో ఆక్టిన్ అనే సన్నటి ప్రొటీన్ పోగులుంటాయి. వాటి మీద మయోసిన్ అనే ఇంకో ప్రొటీన్ ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టుకుంటూ కణాంగాలను లాక్కెళ్తుంది. ఆ లాగుడుకి ద్రవం కూడా కదులుతుంది. మధ్యలో నీళ్ల సంచిలాంటి పెద్ద రిక్తిక ఉంది, అందుకే దారి గోడ పక్కనే.

ఇంత తిరుగుడు ఎందుకంటారా? కారా అనే నాచు ఉంది. 1774లో ఇటలీలో బొనవెంచురా కోర్టి అనే శాస్త్రవేత్త ఈ కదలికను అలాంటి మొక్కలోనే చూశాడు. దాని ఒక్కో కణం కొన్ని సెంటీమీటర్ల పొడవు! ఒక గ్లూకోజు అణువు అందులో ఐదు సెంటీమీటర్లు వట్టి విసరణతో, అంటే ఏదీ మోయకుండా తనంతట తానే వ్యాపిస్తూ, దాటాలంటే వారాలు పడుతుంది. కణద్రవ్యం మోసుకెళ్తే పావుగంట పని.

మోయడం ఒక్కటే కాదు, వంట కూడా ఇక్కడే. మన ఎర్ర రక్తకణానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు, అయినా సుమారు 120 రోజులు బతుకుతుంది. గ్లూకోజును విరిచే గ్లైకాలసిస్ కణద్రవ్యంలోనే జరుగుతుంది మరి. ఒక్కో గ్లూకోజుకి మిగిలేది 2 ఏటీపీలే, వాటితోనే నెట్టుకొస్తుంది.

స్లైడు ఆరిపోతోంది, అంచున ఒక చుక్క నీళ్లు వేయండి. ఇప్పుడు ఒక హరితరేణువు మీదే కన్నుంచి, అది ఒక చుట్టు తిరిగి రావడానికి ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. ఆ తర్వాత గోరువెచ్చటి నీటిచుక్క వేసి మళ్లీ లెక్కపెట్టండి. రెండు అంకెలూ కింద కామెంట్లో రాయండి.