గాంధారం కోసం గంటసేపు

శ్రోతలకు నమస్కారం.

సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసిన పాశ్చాత్య సంగీత రచన) అనగానే చాలామందికి గుర్తొచ్చేది వందమంది ఒక్కసారిగా మోగించే హోరు. హోరు ఒళ్ళు జలదరింపజేస్తుంది, నిజమే. కానీ ఆ జలదరింపు నిమిషంలో పోతుంది. గొప్ప సింఫనీ విన్నాక రోజుల తరబడి మనసు పట్టి ఉంచేది మరొకటుంది. మనకు కావలసినదాన్ని ఇవ్వకుండా ఆపి ఆపి, చివరికి ఇవ్వడం. జర్మన్ స్వరకర్త బేథోవెన్ తొమ్మిదో సింఫనీలో ఆ పని ఒకే ఒక్క స్వరం చుట్టూ ఎలా జరిగిందో ఇవాళ చూద్దాం. ఆ స్వరం గాంధారం, అంటే సరిగమల్లోని గ.

వియన్నాలో 1824 మే 7న మొదటిసారి వినిపించిన ఈ రచన నిడివి 65 నుంచి 70 నిమిషాలు. మూవ్‌మెంట్లు అనే భాగాలు నాలుగు. వేదిక మీద నలుగురు గాయకులూ, పెద్ద కోరసూ (బృందగాయకులూ) ఉంటారు గానీ వాళ్ళు గొంతెత్తేది నాలుగో భాగంలోనే. అంతవరకూ సుమారు 50 నిమిషాల మౌనం. కచేరీల్లో ఇదొక చిక్కు. అంతసేపు ఊరికే కూర్చున్న గొంతు బిగుసుకుపోతుంది. అందుకే వాద్యబృందాన్ని నడిపే కండక్టర్లు కొందరు గాయకులను మూడో భాగానికి ముందు మాత్రమే వేదిక మీదికి రప్పిస్తారు.

ఇక ఆరంభం. రెండో వయొలిన్లు, సెల్లోలు అతి మెల్లగా వణుకుతూ రెండే స్వరాలు పట్టుకుంటాయి. హార్న్‌లు అనే ఊదే వాద్యాలు అవే స్వరాలను నిలిపి ఉంచుతాయి. చెవికి అవి షడ్జమం, పంచమం, అంటే స, ప. మధ్యలో గాంధారం లేదు. కాస్త పైనుండే అంతర గాంధారం పడితే వెలుగు, పాశ్చాత్యులు మేజర్ అనేది అదే. దానికి కాస్త కిందనుండే సాధారణ గాంధారం పడితే నీడ, అది మైనర్. రెండూ పడకపోతే సంతోషమో దుఃఖమో తేలదు. మొదటి వయొలిన్ల నుంచి చిన్న చిన్న తునకలు కిందికి జారుతుంటాయి, వాటిలోనూ ఆ రెండు స్వరాలే. ఇలా 16 బార్లు (తాళాన్ని కొలిచే భాగాలు), అంటే పాతిక ముప్పై సెకన్లు.

ఆ తర్వాత వాద్యబృందమంతా ఒకే స్వరవరుసతో పైనుంచి కిందికి దూకుతుంది. ఆ దూకుడులో సాధారణ గాంధారం తగులుతుంది. ఇంతసేపూ మనం షడ్జమం అనుకున్నది అసలు పంచమమని కూడా అప్పుడే తెలుస్తుంది. అసలు షడ్జమం పాశ్చాత్యులు డి అని పిలిచే స్వరం. ఆరంభాన్ని కాస్త బిగ్గరగా వాయించినా ఈ దెబ్బ తగలదు. వినిపించీ వినిపించనట్టు మొదలైతేనే ఆ పతనానికి లోతు వస్తుంది.

ఈ భాగం సగం దాటాక ఆ ఆరంభమే తిరిగి వస్తుంది, ఈసారి పూర్తి బలంతో. గాంధారం కూడా ఉంది. అదీ అంతర గాంధారం, అట్టడుగున, బాస్‌లో. లెక్క ప్రకారం అది వెలుగు కావాలి. కానీ టింపనీ భేరీలు ఆగకుండా ఉరుముతుంటే ఆ మేజర్ భయంకరంగా వినిపిస్తుంది. సంగీతంలో ఇంత భీకరమైన వెలుగు మరొకటి ఉందని నేననుకోను. కావలసింది దొరికినా వేళ కాకపోతే ఎలా ఉంటుందో చెప్పే చోటిది.

రెండో భాగంలో టింపనీల మీద చెవి ఉంచండి. ఆ రోజుల్లో జత టింపనీలను మామూలుగా షడ్జమానికీ పంచమానికీ శృతి చేసేవారు. బేథోవెన్ ఇక్కడ రెండింటినీ గాంధారానికే పెట్టించాడు, ఒకటి మంద్రంలో, మరొకటి దాని పై స్థాయిలో. మొదటి కొన్ని క్షణాల్లోనే తంత్రీవాద్యాలు షడ్జమం కొడతాయి, పంచమం కొడతాయి, ఆ వెంటనే టింపనీ ఒంటరిగా సాధారణ గాంధారం కొడుతుంది. మొదటి భాగంలో దాచిపెట్టిన స్వరాన్ని ఇక్కడ డప్పు మీద మోగించి చెప్పినట్టే. మూడో భాగం నెమ్మది, మరో శృతిలో సాగే ప్రశాంతమైన గానం. దాని గురించి ఎక్కువ చెప్పను. వినేటప్పుడు నిద్ర వస్తే కంగారు పడక్కర్లేదు, చివర్లో బాకాలు రెండుసార్లు లేపుతాయి.

నాలుగో భాగం కేకతో మొదలవుతుంది. డి మైనర్ స్వరాల మీదికి పొసగని స్వరాన్ని తెచ్చి రుద్దిన కేక అది. కాసేపటికి అది మళ్ళీ వచ్చినప్పుడు ఇంకా ఘోరం. కీరవాణి రాగంలోని ఏడు స్వరాలూ ఒక్కసారే మోగుతాయి. ఈ రెండు కేకల మధ్య ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి. సెల్లోలు, డబుల్ బాస్‌లు అనే మంద్ర తంత్రీవాద్యాలు మాట్లాడుతున్నట్టు వాయిస్తాయి. మొదటి మూడు భాగాల నుంచి ఒక్కొక్క తునక వినిపిస్తుంది, ప్రతిసారీ బాస్‌లు అడ్డు చెబుతాయి. ఆ తర్వాత, ఏ తోడూ లేకుండా, అవే వాద్యాలు మెల్లగా ఆనందగీతం అనే ఈ పాట ఎత్తుకుంటాయి:

గ గ మ ప, ప మ గ రి, స స రి గ, గా రి రీ.

మొదటి స్వరం గాంధారం, అంతర గాంధారం. పెద్ద దూకుళ్ళు లేవు, దాదాపు అంతా పక్క పక్క స్వరాల మీద నడకే. ఏ పిల్లవాడైనా పాడగలడు. మూడో పాదం చివర ఒక్కసారి మంద్ర పంచమానికి దిగుతుంది. అక్కణ్ణుంచి నాలుగో పాదం గాంధారంతో మొదలుకావాలి. తాళం లెక్కన అది తర్వాతి దెబ్బ మీద పడాలి, కానీ ఒక దెబ్బ ముందే వచ్చి నిలుస్తుంది. చర్చి కీర్తనల పుస్తకాల కోసం ఈ పాటను సరళం చేసినవాళ్ళు చాలామంది ఆ తొందరను సరిదిద్దేశారు. అలా సరిదిద్దితే పాటలో ప్రాణం పోతుంది. ఇంతకాలం ఆపిన స్వరం తన వంతు వరకూ ఆగలేకపోవడమే అక్కడి ఆనందం.

24 బార్ల ఈ పాట నాలుగుసార్లు వస్తుంది. రెండోసారి వయొలాలు, సెల్లోలు పాడుతుంటే బాసూన్ అనే ఊదే వాద్యం తనదైన మరో పాట అల్లుతుంది. మూడోసారి వయొలిన్లు, నాలుగోసారి బాకాలతో సహా అందరూ. బాస్‌లు మొదటిసారే గట్టిగా వాయిస్తే ఈ ఎక్కుడు కూలిపోతుంది, నాలుగోసారికి ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఇక్కడే కచేరీలు చాలావరకు చెడతాయి.

రెండో కేక తర్వాత బారిటోన్ (మధ్యస్థాయి మగ గొంతు) గాయకుడు లేచి, "మిత్రులారా, ఈ స్వరాలు వద్దు" అంటాడు. ఆ మాటలు బేథోవెన్ సొంతం, మిగతావి జర్మన్ కవి షిల్లర్ కవితవి. కొంతసేపటికి కోరస్ "దేవుని ముందు" అన్న మాట మీద హఠాత్తుగా కొత్త శృతిలోకి మళ్ళి, అక్కడే నిలిచి ఆగిపోతుంది. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి కాంట్రాబాసూన్ (ఇంకా మంద్రమైన బాసూన్), పెద్ద డోలు గుప్పు గుప్పుమని సైనికుల కవాతు మొదలుపెడతాయి. దేవుని సన్నిధి నుంచి వీధిలోకి ఇంత ఠక్కున దింపడం కొందరికి కొరుకుడు పడదు. నా మట్టుకు ఈ సింఫనీ భక్తి అంతా ఆ దిగడంలోనే ఉంది.

మరి కాసేపటికి ట్రాంబోన్లు అనే ఇత్తడి ఊదే వాద్యాలు మగ గొంతులతో కలిసి మోగుతాయి. అప్పటి వియన్నాలో అవి ఎక్కువగా చర్చి సంగీతానికీ నాటకశాలకూ చెందిన వాద్యాలు. "నక్షత్రాల పైన ఆయన ఉండి తీరాలి" అన్న చోట గొంతులన్నీ పైకెక్కి, అతి మెల్లగా ఒక స్వరగుచ్ఛం మీద నిలుస్తాయి. అందులో షడ్జమం లేదు, గాంధారమూ లేదు. వినేవారు ఊపిరి బిగబట్టే చోటిది. ఆ వెంటనే సొప్రానోలు (పై స్థాయి ఆడ గొంతులు) గాంధారంతో ఆనందగీతం ఎత్తుకుంటారు.

వినడం గురించి కొన్ని మాటలు. ఫోన్ స్పీకర్‌లో వినకండి. ఆనందగీతం మొదటిసారి వచ్చినప్పుడు డబుల్ బాస్ షడ్జమం 73 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంత మంద్రాన్ని చిన్న స్పీకర్ పలికించలేదు. అసలు ముఖ్యమైన పాటే మీకు సన్నగా, పీలగా వినిపిస్తుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ముందు నాలుగో భాగం కేక పెట్టి చూసి, చెవికి ఓర్చుకోగలిగినంత శబ్దం స్థిరపరచుకోండి. తర్వాత ఇక ముట్టుకోకండి. మెల్లగా ఉన్నచోట పెంచి, బిగ్గరగా ఉన్నచోట తగ్గిస్తూ పోతే, రచయిత కట్టినదాన్ని మన చేత్తోనే చదును చేసినట్టు.

మొదటిసారే 70 నిమిషాలు కూర్చోలేకపోతే మొదటి భాగంలో రెండు నిమిషాలు, రెండో భాగంలో ఒక నిమిషం, ఆపైన నాలుగో భాగం మొత్తం వినండి. అరగంట లోపే అవుతుంది. తర్వాత ఒక సెలవురోజు చూసుకుని మొత్తం వినండి. అప్పుడు ఆనందగీతం రెండోసారి వచ్చేచోట ప్రధాన స్వరాన్ని వదిలేసి, బాసూన్ వెంట వెళ్ళండి.

నమస్కారం.