తిరుగు కరెంటు దారి: బహుళ పొరల పీసీబీలో పొరల అమరిక

(విజయనగరంలో ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు, యువ ఇంజనీర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మన ప్రాంతంలో ఒక ఎలక్ట్రానిక్ బోర్డు, అంటే పీసీబీ (ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు), ఎలాంటి చోట్ల పనిచేయవలసి వస్తుందో ముందుగా గుర్తుచేస్తాను. గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమలు, జూట్ మిల్లుల్లో మోటార్లు, శ్రీకాకుళం తీరాన రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్లు, ఊరూరా వ్యవసాయ బోర్ల స్టార్టర్లు. వీటి పక్కనే ఉండి, సెన్సర్ నుంచి వచ్చే కొద్దిపాటి మిల్లీవోల్టులను తప్పులేకుండా చదవవలసిన బోర్డులను మీలో కొందరైనా తయారుచేయబోతున్నారు. నాయిస్ (సిగ్నల్‌లో కలిసే అవాంఛిత అలజడి) కనబడగానే ఫిల్టర్ల కోసం, ఫెర్రైట్ పూసల కోసం, షీల్డు డబ్బాల కోసం వెతకడం మనకు అలవాటు. అవి అవసరమే కాని, ఒక్క ట్రాకు (సిగ్నల్‌ను మోసే సన్నని రాగి గీత) కూడా గీయకముందే రాగి పొరలను ఏ వరుసలో, ఎంత ఎడంతో పేర్చాలని మనం నిర్ణయిస్తామో, బోర్డు మంచిచెడ్డలు చాలావరకు అక్కడే తేలిపోతాయని నా గట్టి నమ్మకం.

సర్క్యూట్ బొమ్మలో గ్రౌండ్ గుర్తు పెట్టగానే కరెంటు అక్కడితో ముగిసినట్టు అనిపిస్తుంది. నిజానికి బయలుదేరిన కరెంటంతా మూలానికి తిరిగి రావలసిందే. తక్కువ ఫ్రీక్వెన్సీలో అది నిరోధం తక్కువున్న దారిని పట్టి గ్రౌండ్ ప్లేన్ (గ్రౌండ్‌కు కేటాయించిన విశాలమైన రాగి పొర) మీద విశాలంగా పరుచుకుంటుంది. మెగాహెర్ట్జ్‌ల స్థాయికి వచ్చేసరికి ఇండక్టెన్స్ తక్కువున్న దారినే ఎంచుకుంటుంది, ఆ దారి ట్రాకుకు సరిగ్గా కిందనే ఉంటుంది. ట్రాకుకూ ప్లేన్‌కూ మధ్యనున్న ఎత్తుకు మూడు రెట్ల దూరం అటూ ఇటూ కొలిస్తే, ఆ పట్టీలోనే తిరుగు కరెంటులో దాదాపు 80 శాతం ప్రవహిస్తుంది. ఎత్తు 0.2 మిల్లీమీటర్లయితే ఆ దూరం ఒక్కో వైపు 0.6 మిల్లీమీటర్లు, అదే 1.2 అయితే 3.6 మిల్లీమీటర్లు. రెండో సందర్భంలో పక్క ట్రాకుల తిరుగు కరెంట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, క్రాస్‌టాక్, అంటే ఒక ట్రాకు సిగ్నల్ పక్క ట్రాకులోకి చొరబడటం, పెరుగుతుంది.

ఇక లూప్ సంగతి, అంటే ట్రాకు మీద వెళ్లే కరెంటూ ప్లేన్ మీద తిరిగొచ్చే కరెంటూ కలిసి చేసే చుట్టు. పది సెంటీమీటర్ల ట్రాకు ప్లేన్‌కు 0.2 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే లూప్ వైశాల్యం 20 చదరపు మిల్లీమీటర్లు, 1.2 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే 120. చిన్న లూప్ నుంచి వెలువడే రేడియేషన్ దాని వైశాల్యానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి, పొరను దగ్గరికి జరిపినంత మాత్రాన ఆరు రెట్లు, అంటే సుమారు 15.6 డెసిబెల్స్ తగ్గుతుంది. వెదజల్లని లూప్ బయటి నాయిస్‌ను కూడా అంతగా పట్టదు. మోటారు పక్కన నిలవవలసిన మన బోర్డులకు ఈ రెండో లాభమే ముఖ్యం. మా క్లాక్ ఎనిమిది మెగాహెర్ట్జే కదా అని తేలిగ్గా తీసుకోకండి. లెక్కలోకి వచ్చేది సిగ్నల్ ఎంత వేగంగా లేస్తుందన్నది. ఒక నానోసెకనులో లేచే అంచులో 350 మెగాహెర్ట్జ్ దాకా శక్తి ఉంటుంది.

మీరు ఎక్కువగా చేయబోయేది నాలుగు పొరల బోర్డు. మొత్తం మందం 1.6 మిల్లీమీటర్లు, బయటి పొరకూ లోపలి పొరకూ మధ్య ప్రీప్రెగ్ (పొరలను అతికించే రెసిన్ పట్టిన గాజునార) సుమారు 0.2, నడుమ కోర్ (ముందే గట్టిపడి రెండు వైపులా రాగి ఉన్న పలక) సుమారు 1.1 నుంచి 1.2. అందరూ పెట్టే వరుస సిగ్నల్, గ్రౌండ్, పవర్, సిగ్నల్. ఇందులో గ్రౌండ్, పవర్ ప్లేన్లు మిల్లీమీటరుకు పైగా ఎడంగా ఉంటాయి కనుక వాటి మధ్య కెపాసిటెన్స్ చదరపు సెంటీమీటరుకు మూడు, నాలుగు పికోఫారడ్‌లకు మించదు. ఆ ఎడం 0.1 మిల్లీమీటరే అయివుంటే దాదాపు 38 వచ్చేది. పైగా కింది పొర సిగ్నళ్లకు ఆధారమైన, అంటే వాటి తిరుగు కరెంటు నడిచే, పవర్ ప్లేన్ తరచు 5 వోల్టులు, 3.3 వోల్టులు అంటూ ముక్కలై ఉంటుంది. అందుకే మైక్రోకంట్రోలర్ బోర్డులకు లోపలి రెండు పొరలూ గ్రౌండ్‌గానే ఉంచి, పవర్‌ను బయటి పొరల మీద వెడల్పైన రాగి పట్టీలుగా నడిపించి, ప్రతి ఐసీ పవర్ పిన్ను పక్కనే ఒక డీకప్లింగ్ కెపాసిటర్ (ఐసీకి కావలసిన కరెంటును అప్పటికప్పుడు పక్కనుంచే అందించేది) పెట్టమని నేను చెబుతాను. పొరల సంఖ్య మారదు కాబట్టి ఖర్చు పెరగదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. 100 మెగాహెర్ట్జ్ వద్ద రాగిలో కరెంటు చొచ్చుకుపోయే లోతు ఆరేడు మైక్రాన్లే, ప్లేన్ మందమేమో 35 మైక్రాన్లు. పై ముఖం మీద నడిచే తిరుగు కరెంటు రాగిని దాటి కింది ముఖానికి రాలేదు. సిగ్నల్ వయా (పొరలను కలిపే రాగి పూత రంధ్రం) గుండా పైపొర నుంచి అడుగు పొరకు దిగినప్పుడు తిరుగు కరెంటు కూడా ఒక గ్రౌండ్ నుంచి మరో గ్రౌండ్‌కు దిగాలి, కనుక ఆ వయా పక్కనే ఒక గ్రౌండ్ వయా వేయాలి. ఆధారం గ్రౌండ్ నుంచి పవర్‌కు మారే బోర్డులో ఆ పని కెపాసిటర్ గుండా జరగవలసి ఉంటుంది, దాని ఇండక్టెన్స్ కూడా దారిలో కలుస్తుంది.

ఎన్ని పొరలున్నా ప్లేన్‌ను చీల్చితే ఫలితం ఉండదు. అనలాగ్ గ్రౌండ్, డిజిటల్ గ్రౌండ్ అని మధ్యలో గాడి పెట్టి, దాని మీదుగా సిగ్నల్ ట్రాకు నడిపిస్తే, గట్టు తెగిన కాలువ నీరు పొలాల మీద పడ్డట్టు తిరుగు కరెంటు గాడి చుట్టూ మళ్లి పెద్ద లూప్ చేస్తుంది. ప్లేన్‌ను ఒక్కటిగా ఉంచి, అనలాగ్ భాగాలను ఒక మూలకు, డిజిటల్ భాగాలను మరో మూలకు చేర్చడం చాలా బోర్డుల్లో మేలు.

ఆరు పొరలు తీసుకున్నప్పుడు సిగ్నల్, సిగ్నల్, గ్రౌండ్, పవర్, సిగ్నల్, సిగ్నల్ అనే వరుసను వద్దనే అంటాను. ట్రాకులకు చోటు ఎక్కువే, కాని బయటి పొరలు ప్లేన్లకు దూరమవుతాయి. సిగ్నల్, గ్రౌండ్, సిగ్నల్, పవర్, గ్రౌండ్, సిగ్నల్ అనే వరుసలో ప్రతి సిగ్నల్ పొర పక్కనా గ్రౌండ్ ఉంటుంది. ఇందులోని రెండు కోర్లనూ (రెండు-మూడు పొరల మధ్య ఒకటి, నాలుగు-ఐదు పొరల మధ్య ఒకటి) సుమారు 0.1 మిల్లీమీటరుకు పలచన చేసి మందాన్ని నడుమ ప్రీప్రెగ్‌కు వదిలితే, మూడో పొర సిగ్నల్ రెండో పొర గ్రౌండ్‌కు దగ్గరవుతుంది, పవర్ ప్లేన్ తన గ్రౌండ్‌కు దగ్గరవుతుంది. మధ్యరేఖకు అటూ ఇటూ మందాలు సమానంగా ఉండటంతో బోర్డు వంకరపోయే ప్రమాదమూ తక్కువ. ఎనిమిది పొరలకూ ఇదే తర్కం.

ఈ మందాలన్నీ తయారీదారుకు పంపే డ్రాయింగులో పొరల వారీగా రాయాలి. బోర్డుకు సాధారణంగా వాడే గాజునార-ఎపాక్సీ పదార్థమైన ఎఫ్‌ఆర్-4 డైఎలక్ట్రిక్ స్థిరాంకం రకాన్ని బట్టి 4.2 నుంచి 4.5 దాకా మారుతుంది కనుక ఏ మెటీరియల్, ఏ ప్రీప్రెగ్ అన్నది కూడా ముందే అడిగి తెలుసుకోవాలి. నాలుగు పొరలు, 1.6 మిల్లీమీటర్లు అని మాత్రమే రాసి పంపితే, మీరు 0.2 అనుకున్న ఎడాన్ని అతను తన దగ్గరున్న సరుకును బట్టి నిర్ణయిస్తాడు.