కెన్యా, ఉగాండా: జనం సమానం, మరి బడి పిల్లలు?

యాంకర్: నమస్కారం. కెన్యా, ఉగాండా పక్కపక్క దేశాలు. కెన్యా 2019 జనగణనలో 4.76 కోట్లు, ఉగాండా 2024 జనగణనలో 4.59 కోట్లు. ఇంచుమించు సమానమే కదా సర్?

జనాభా విశ్లేషకుడు: మొత్తం చూసి మోసపోకండి. వయసుల పట్టిక తీయండి. కెన్యాలో 10 నుంచి 14 ఏళ్ల వాళ్లు సుమారు 63 లక్షలు, 5 నుంచి 9 ఏళ్ల వాళ్లు 62 లక్షలు, ఐదేళ్లలోపు వాళ్లు 60 లక్షల లోపే. పై మెట్టు కన్నా కింది మెట్టు చిన్నది! 1970ల చివర్లో తల్లికి సగటున 8 మంది పుట్టిన దేశమది. 2022 సర్వేలో 3.4. అదే ఏడాది ఉగాండాలో 5.2.

యాంకర్: పసిపిల్లలు లెక్కలో తప్పిపోవడం మామూలే అంటారుగా?

విశ్లేషకుడు: నిజమే, ఆ కాస్త తగ్గుదల మీదే అయితే నేనూ పందెం కట్టను. కానీ కాన్పుల సర్వే కూడా అదే చెబుతోంది. దేశమంతా ఒకేలా మాత్రం లేదు. నైరోబీలో 2.5, ఉత్తరాన మండేరాలో 7.7.

యాంకర్: మేడమ్, మీరు ఉగాండా రాజధాని కంపాలాలో పాఠాలు చెప్పి వచ్చారు. క్లాసులో ఈ 5.2 కనిపించేదా?

టీచర్: మొదట్లో కనిపించలేదండీ. మన అలవాటుగా రిజిస్టర్‌లో ఇంటిపేర్లు వెతికేదాన్ని. అక్కడ అన్నదమ్ములకు కూడా వేర్వేరు పేర్లుంటాయి. పేరెంట్స్ మీటింగ్‌కి ఒకే అమ్మ వచ్చి నా దగ్గర ఒకరు, పక్క క్లాసులో ఒకరు, పైన ఇద్దరు అంటే అప్పుడు తెలిసింది. చంకలో ఇంకొకడు!

విశ్లేషకుడు: ఉగాండా 1997లో ఉచిత ప్రైమరీ చదువు మొదలుపెట్టినప్పుడు ఇంటికి నలుగురికే అన్నారు. అయినా 30 లక్షల దగ్గరున్న విద్యార్థులు ఒక్క ఏడాదిలో 50 లక్షలు దాటారు. జనాభా అంత పెరిగిందా? లేదు, ఇంట్లో ఉన్నవాళ్లు బడికొచ్చారు. బడి వయసు పిల్లలు వేరు, బడిలో ఉన్న పిల్లలు వేరు. 2003లో కెన్యా ఫీజులు తీసేస్తే మరుసటి ఏడాది కిమానీ మరుగే అనే 84 ఏళ్ల పెద్దాయన ఒకటో తరగతిలో చేరాడు.

యాంకర్: (నవ్వుతూ) ఆయన్ని ఏ మెట్టులో వేస్తారు సర్! సరే, మన దగ్గర పిల్లల్లేక బడులు కలిపేస్తున్నారు. కెన్యా కూడా అటే వెళ్తోందా?

విశ్లేషకుడు: అప్పుడే కాదు. అక్కడ ఒత్తిడి పై తరగతులకు జరిగింది. 2023లో ఏడో తరగతి నుంచి జూనియర్ స్కూల్ పెట్టారు. ఇప్పుడు వాళ్లకు కావాల్సింది సైన్స్ టీచర్లు, ల్యాబ్‌లు. ఉగాండాకు ఇంకా ఒకటో తరగతి గదులే చాలవు. పైగా 15 లక్షలకు పైగా శరణార్థులు ఉన్నారు, వాళ్లలో సగానికి పైగా పిల్లలే.

టీచర్: కోవిడ్ ఒకటి మర్చిపోయారు సర్. 2020 మార్చిలో మూసిన బడులు 2022 జనవరి 10న పూర్తిగా తెరిచారు. ఆ ఉదయం నా ఒకటో తరగతికి ఆరేళ్లవాళ్లతో పాటు, రెండేళ్ల కింద అక్కడే ఆగిపోయిన ఎనిమిదేళ్లవాళ్లు కూడా వచ్చారు. ముగ్గురి బెంచీ మీద ఐదుగురు. వయసు అడగడం మానేసి, పొట్టివాళ్లను ముందు కూర్చోబెట్టాను.

యాంకర్: చిన్న బ్రేక్ తర్వాత మళ్లీ కలుద్దాం.