కీలెస్ కారు, తాళంచెవి

సభకు నమస్కారం.

ఈ సాయంకాలం బెంగళూరు ట్రాఫిక్‌ను దాటుకుని కారులో వచ్చినవారు ఒక్కసారి జేబు తడిమి చూసుకోండి. ‘కీలెస్’ అని చెప్పి అమ్మిన కారు మీదైనా, జేబులో కీ ఉండనే ఉంటుంది. లేదని పేరుపెట్టి మరీ చేతికిచ్చిన ఈ వస్తువు గురించే నా ప్రసంగం.

ఆ పేరు మొదట్లో చాలావరకు నిజమే. 1980లో ఫోర్డ్ సంస్థ అమెరికాలో థండర్‌బర్డ్ వంటి కొన్ని కార్ల తలుపు మీద ఐదు మీటలు బిగించి, మీటకు రెండేసి అంకెలు కేటాయించి, దానిని ‘కీలెస్ ఎంట్రీ’ అంది. ఐదంకెల సంఖ్య గుర్తుంటే తలుపు తెరుచుకునేది. ఇంజన్ స్టార్ట్ చేయడానికి మాత్రం తాళంచెవి కావలసిందే.

1982లో ఫ్రాన్సులో రెనో ఫ్యూగో కారుకు దూరం నుంచి పనిచేసే రిమోట్ వచ్చింది. దానిని రూపొందించిన పాల్ లిప్‌షుట్జ్ పేరులోని ‘ప్’, ‘లిప్’ కలిసి ‘ప్లిప్’ అయింది. ఫ్రెంచివారు కారు రిమోట్‌ను నేటికీ అలాగే పిలుస్తారు. చేసినవాడి పేరు చేతిలోని వస్తువుకు దక్కడం అరుదు. అది పరారుణ కిరణాలతో పనిచేసేది కనుక టీవీ రిమోట్‌లా గురిచూసి నొక్కాలి. తర్వాత రేడియో తరంగాలు ఆ గురి అవసరాన్ని లేకుండా చేశాయి. దొంగ ఒకసారి పట్టుకున్న సంకేతం మళ్ళీ పనికిరాకుండా, నొక్కిన ప్రతిసారీ మారే కోడ్ కూడా వచ్చింది.

అసలు మలుపు నొక్కే పనే లేకుండా పోవడం. 1993లో షెవ్రొలే కార్వెట్‌లోనూ, 1998లో మెర్సిడెస్ ఎస్‌-క్లాస్‌లో ‘కీలెస్ గో’ పేరుతోనూ అది కనిపించింది. ఇది పనిచేసే తీరు ఈ ఊరి జె.సి. రోడ్డులో ఒక రిపేరు దుకాణం బల్ల మీద నాకు అర్థమైంది. దుకాణదారు గోటితో ఒక స్మార్ట్ కీని, అంటే నొక్కకుండానే పనిచేసే ఈ కీని, విప్పాడు. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ, అత్యవసరానికి దాచిన ఇనుప కీ, వాటి పక్కన మూడు దిక్కులకు చుట్టిన సన్నని రాగితీగ చుట్టలు. మనం తలుపు పిడి పట్టుకోగానే కారు సుమారు 125 కిలోహెర్ట్‌జ్ పౌనఃపున్యంలో మెల్లగా పిలుస్తుంది. ఆ పిలుపు ఒకటి రెండు మీటర్లకు మించి పోదు. జేబులో ఎటు తిరిగి పడివున్నా ఆ చుట్టల్లో ఏదో ఒకటి దానిని వింటుంది, విన్న కీ మన దేశంలో సాధారణంగా 433 మెగాహెర్ట్‌జ్ మీద రహస్య సంకేతంతో బదులిస్తుంది.

తాళానికి చెవి ఉందన్నది మనం. ఇక్కడి కన్నడిగులు ‘బీగద కై’ అంటారు, అంటే తాళపు చెయ్యి. మాటల పుట్టుక జోలికి నేను పోవడం లేదు గానీ, నొక్కే రిమోట్‌కు వారి మాట, వినే స్మార్ట్ కీకి మన మాట అతికినట్టు సరిపోతాయి. ‘కీలెస్’ రెండింటికీ సరిపోదు.

వినడంలోనే లోపమూ ఉంది. 2011లో జ్యూరిక్ పరిశోధకులు కారు పిలుపును యాంటెన్నాలతో దూరానున్న కీ దాకా మోసుకెళ్ళి, ఎనిమిది కంపెనీల పది మోడళ్ళను తెరిచి చూపారు. కోడ్‌ను ఛేదించనే లేదు. కీ పక్కనే ఉందని కారును నమ్మించారు, అంతే. అది చదివిన రాత్రి మా కారు తాళంచెవిని స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, డబ్బా చంకలో పెట్టుకునే పిడి పట్టుకున్నాను. కారు పలకలేదు.