అరవై గోల్స్: డీన్ గొప్పా, కొత్త రూలు పుణ్యమా?

యాంకర్: నమస్కారం. 1928 మే 5న లివర్‌పూల్ గుడిసన్ పార్క్‌లో ఎవర్టన్ సెంటర్ ఫార్వర్డ్ డిక్సీ డీన్ ఆర్సెనల్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. దాంతో ఒక్క సీజన్‌లో అతని లీగ్ గోల్స్ 60 అయ్యాయి. ఇంగ్లండ్ లీగ్‌లో ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ దాటలేదు. మనతో ఒక ఫుట్‌బాల్ కోచ్ గారు, ఆటల చరిత్ర రాసే జర్నలిస్టు ఒకరు ఉన్నారు. మేడమ్, ఆ 60ని మీరు పెద్దగా పట్టించుకోరట?

జర్నలిస్టు: అంత మాట అనలేదండీ! తేదీ చూడమన్నాను, అంతే. 1925లో ఆఫ్‌సైడ్ రూలు మారింది. అంతకుముందు బంతి అందుకునేవాడికీ గోల్ లైనుకీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులుండాలి, లేకపోతే ఆఫ్‌సైడ్ అని ఆట ఆపేసేవారు. దాన్ని ఇద్దరు చేశారు. 1924-25లో మొదటి డివిజన్, అంటే అప్పటి పై స్థాయి లీగ్, మొత్తం మీద 1,192 గోల్స్ పడ్డాయి. మరుసటి సీజన్‌లో అన్నే మ్యాచుల్లో 1,703! డిఫెండర్లకు ఎక్కడ నిలబడాలో కూడా తెలియలేదు. డీన్ కంటే ఏడాది ముందే రెండో డివిజన్‌లో మిడిల్స్‌బ్రో ఆటగాడు జార్జ్ క్యామ్‌సెల్ 59 కొట్టాడు కదా. గాలి ఉన్నప్పుడు తూర్పారబట్టుకున్నారు.

కోచ్: ఆ గాలి అందరికీ వీచింది కదా మేడమ్! మరి మొదటి డివిజన్‌లో ఇంకెవరికీ 60 ఎందుకు రాలేదు? ఇంకో సంగతి. 1926లో వేల్స్‌లోని హోలీవెల్ దగ్గర డీన్‌కు మోటార్ సైకిల్ ప్రమాదం జరిగింది. పుర్రె, దవడ చిట్లాయి. ఇక ఆడలేడన్నారు డాక్టర్లు. అప్పటికి 19 ఏళ్ల కుర్రాడు. అప్పటి బంతి తోలుది, వానకు నానితే బరువెక్కేది. పుర్రె చిట్లినవాడు మళ్లీ ఆ బంతికే తల పెట్టాడు, హెడర్లకే పేరు తెచ్చుకున్నాడు. ఏ రూలు ఇస్తుందండీ ఆ ధైర్యం?

యాంకర్: చివరి మూడు మ్యాచుల సంగతి కూడా చెప్పండి సార్.

కోచ్: మూడు మ్యాచులు మిగిలాయి, డీన్ ఖాతాలో 51 ఉన్నాయి. క్యామ్‌సెల్‌ని దాటాలంటే తొమ్మిది కావాలి. ఆస్టన్ విల్లా మీద రెండు, బర్న్‌లీ మీద నాలుగు కొట్టాడు. ఆర్సెనల్ మీద మూడోది ఆట ముగియబోతుండగా వచ్చింది. కార్నర్ కొట్టింది అలెక్ ట్రూప్, పొట్టి స్కాట్లండ్ వింగర్. భుజం సమస్య వల్ల కట్టు కట్టుకుని ఆడేవాడు. ఆ బంతికి డీన్ తలతో గోల్ చేశాడు. మ్యాచ్ 3-3. టైటిల్ అప్పటికే ఎవర్టన్‌ది కాబట్టి జనం వచ్చింది డీన్ కోసమేనంటాను. ట్రూప్ పేరు మాత్రం ఎవరూ తలవరు, అది అన్యాయం.

జర్నలిస్టు: ట్రూప్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ డీన్ ఎంత గొప్పవాడో చెప్పాలంటే నేను 1928 కాదు, 1930 దగ్గర మొదలుపెడతాను. టైటిల్ గెలిచిన రెండేళ్లకే ఎవర్టన్ రెండో డివిజన్‌కి పడిపోయింది. డీన్ క్లబ్బు వదల్లేదు. 1931లో రెండో డివిజన్ టైటిల్, 1932లో మొదటి డివిజన్ టైటిల్, 1933లో ఎఫ్ఏ కప్, అంటే ఓడితే ఇంటికే అనే పోటీ. ఆ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ మీద 3-0, డీన్‌దీ ఒక గోల్. ఫైనల్లో చొక్కాలకు నంబర్లు వేసింది అదే మొదటిసారి, అతనికి 9 వచ్చింది. అప్పటికి డిఫెండర్లు కొత్త రూలుకు అలవాటు పడిపోయారు. ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ మైదానం మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి డిఫెన్స్‌లో నిలబెట్టిన పద్ధతి చాలా జట్లకు పాకింది. అయినా 1931-32లో డీన్ 40కి పైగా కొట్టాడు. నాకు ఆ సీజనే గొప్పది.

కోచ్: అంటే రూలు వల్ల కాదని మీరే ఒప్పుకున్నట్టు!

జర్నలిస్టు: 60లో కొంత వాటా రూలుది. 1932 మాత్రం పూర్తిగా డీన్‌దే.

యాంకర్: ఈ గోల్స్‌కి డబ్బెంత వచ్చేది?

జర్నలిస్టు: డీన్‌ను తీసుకోవడానికి అతని పాత క్లబ్బు ట్రాన్‌మియర్ రోవర్స్‌కి ఎవర్టన్ ఇచ్చింది 3,000 పౌండ్లు. ఆటగాడికి మాత్రం లీగ్ పెట్టిన గరిష్ఠ జీతం ఉండేది, సీజన్‌లో వారానికి 8 పౌండ్లు. 60 కొట్టినా అంతే. 1938లో క్లబ్బు అతన్ని నాట్స్ కౌంటీకి పంపేసింది. తర్వాత కొన్నాళ్లు ఐర్లండ్‌లో స్లైగో రోవర్స్‌కి ఆడాడు, ఆ తర్వాత చెస్టర్‌లో పబ్ నడిపాడు. ఎవర్టన్‌కి 399 లీగ్ మ్యాచుల్లో 349 గోల్స్ చేసినవాడండీ!

యాంకర్: ఇంగ్లండ్ జట్టుకి 16 మ్యాచులేనా?

కోచ్: 16 మ్యాచులు, 18 గోల్స్. మొదటి ఐదు మ్యాచుల్లోనే 12! చివరిది 1932 అక్టోబరులో, అప్పటికి పాతికేళ్లే. కప్ ఫైనల్ గెలిచింది ఆ తర్వాత, 1933లో. 1930 ప్రపంచ కప్‌కి ఇంగ్లండ్ వెళ్లనే లేదు, 34కీ వెళ్లలేదు.

యాంకర్: మరి జట్టు మేనేజర్ ఏం చేస్తున్నట్టు?

కోచ్: మేనేజర్ ఎక్కడున్నాడండీ! ఇంగ్లండ్‌కి మేనేజర్ వచ్చింది 1946లో. అప్పటిదాకా జట్టును ఎంపిక చేసింది ఫుట్‌బాల్ సంఘం కమిటీ. మూడు మ్యాచులు బాగా ఆడినవాణ్ని నాలుగోదానికి మార్చేసేవాళ్లు.

జర్నలిస్టు: ఇక్కడ మాత్రం సార్‌తో నాకు గొడవ లేదు.