రంపం భుజాన వేసుకున్న మనిషి

శ్రోతలకు నమస్కారం.

చర్చి గడప తొక్కనివాళ్ల చెవిన కూడా ఎప్పుడో ఒకప్పుడు పడే వరస ఒకటుంది. మిషన్ స్కూల్లో చదువుకున్నవాళ్లకైతే చెప్పక్కర్లేదు. 'వాట్ ఎ ఫ్రెండ్ వి హావ్ ఇన్ జీసస్'. యేసు లాంటి స్నేహితుడుండగా ఈ బరువులన్నీ మనమే ఎందుకు మోసుకు తిరగడం, ఆయనతో చెప్పుకోరాదా అని ఆ పాట అడుగుతుంది. ఇది ఇంగ్లండు పాటేనని నేను చాలాకాలం అనుకున్నాను. రాసింది ఐర్లండ్ మనిషి. పైగా నలుగురూ కలిసి పాడాలని రాసిన పాటే కాదు అది.

జోసెఫ్ స్క్రివెన్ 1819లో డౌన్ కౌంటీలోని బాన్‌బ్రిడ్జ్ దగ్గర పుట్టాడు. కలిగిన కుటుంబం. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో పట్టా పుచ్చుకున్నాడు. పెళ్లి కుదిరింది. తెల్లవారితే పెళ్లనగా ఆ అమ్మాయి బాన్ నదిలో మునిగి చనిపోయిందని చెబుతారు. అతను ఊళ్లో ఉండలేకపోయాడు. పాతికేళ్ల వయసులో ఓడెక్కి కెనడా చేరి, ఒంటారియోలో రైస్ లేక్ అనే సరస్సు చుట్టుపక్కల పల్లెల్లో స్థిరపడ్డాడు, పిల్లలకు చదువు చెప్పుకుంటూ. అక్కడ మళ్లీ ఓ సంబంధం కుదిరింది. ఎలైజా రోష్ అని. 1860లో ఆమె కూడా పెళ్లి కాకుండానే జబ్బుచేసి పోయింది. ఆ తర్వాత అతను పెళ్లి ఊసెత్తలేదు.

ఈ రెండు చావులు చూసి పాట రాశాడని చాలామంది కథ అల్లుతారు. తేదీలు ఒప్పుకోవు. పాట 1855 నాటిది, అంటే ఎలైజా పోవడానికి ఐదేళ్ల ముందుది. సముద్రానికి అవతల, ఐర్లండ్‌లో, తల్లికి ఒంట్లో బాగాలేదని తెలిసింది. వెళ్లి పక్కన కూర్చునే వీలు లేదు. ఓదార్పుగా నాలుగు ముక్కలు రాసి పంపాడు. అంతే. అది కొడుకు తల్లికి రాసిన ఉత్తరం.

పాట అచ్చయింది గానీ పేరు లేకుండా అచ్చయింది. హొరేషియస్ బోనర్ అనే స్కాట్లండ్ కవి రాశాడని కొన్నాళ్లు పొరబడ్డారు కూడా. 1868లో చార్లెస్ కాన్వర్స్ అనే అమెరికా లాయరు ఒకాయన దానికి వరస కట్టాడు. ఇవాళ మనం వినేది ఆ వరసే. చాలా ఏళ్ల తర్వాత స్క్రివెన్‌కు జ్వరం వస్తే, తోడుగా కూర్చున్న పొరుగాయన కాగితాల్లో ఈ చరణాలు చూసి, ఇవి నువ్వు రాసినవేనా అని అడిగాడట. "దేవుడూ నేనూ కలిసి రాశాం" అన్నాడట స్క్రివెన్. అంతకు మించి చెప్పలేదు.

అతన్ని గురించి పోర్ట్ హోప్ అనే ఊళ్లో ఇంకో ముచ్చట చెప్పుకుంటారు. నాకు పాట కన్నా ఇదే ఎక్కువ ఇష్టం. రంపం భుజాన వేసుకుని వీధిలో పోతున్న ఒక మనిషిని చూసి, కట్టెలు కోయడానికి ఇతన్ని పిలుద్దామన్నాడట ఒకాయన. పక్కనున్నాయన నవ్వి, "మీరు పిలిస్తే రాడు. కూలివ్వగలిగినవాళ్లకు కొయ్యడు. దిక్కులేని ముసలమ్మలకు, మంచాన పడ్డవాళ్లకు మాత్రమే కోసిపెడతాడు" అన్నాడట. కెనడా చలికాలంలో పొయ్యిలోకి కట్టె లేకపోతే ప్రాణానికే ముప్పు. ఆ రంపం ఎవరికి ఏం చేసిందో మీరే ఊహించుకోండి.

ఇలా ఇంట్లోవాళ్ల కోసం రాసి లోకమంతా పాకిన పాటలు ఐర్లండ్‌లో ఇంకా ఉన్నాయి. సెసిల్ ఫ్రాన్సెస్ అలెగ్జాండర్ 1818లో డబ్లిన్‌లో పుట్టింది. బాప్తిస్మం నాడు తను పూచీపడ్డ పిల్లలు, చర్చిలో మతం గురించి నేర్పే ప్రశ్నోత్తరాల పాఠం బుర్రకెక్కడం లేదని గునిశారట. సరేనని, క్రైస్తవులు తమ నమ్మకాన్ని చెప్పుకునే విశ్వాస ప్రమాణంలో మాటకొక పాట చొప్పున కట్టింది. భూమ్యాకాశాలు సృజించిన దేవుడు అన్న చోట 'ఆల్ థింగ్స్ బ్రైట్ అండ్ బ్యూటిఫుల్', కన్య మరియకు పుట్టాడన్న చోట 'వన్స్ ఇన్ రాయల్ డేవిడ్స్ సిటీ', సిలువ దగ్గర 'దేర్ ఈజ్ ఎ గ్రీన్ హిల్'. మూడూ 1848లో ఒకే పుస్తకంలో వచ్చాయి. ఆ పుస్తకం మీద వచ్చిన డబ్బు స్ట్రబేన్ అనే ఊళ్లో చెవిటి, మూగ పిల్లల బడికి వెళ్లింది.

ఆ పచ్చని కొండ పాటలో ఓ చిక్కుంది. కొండ నగర గోడకు బయట ఉందని చెప్పడానికి ఆమె 'వితౌట్' అన్నది. పాత ఇంగ్లిష్‌లో దానికి 'బయట' అని అర్థం. ఇప్పటి పిల్లలకు 'గోడ లేని కొండ' అని వినపడుతుంది. కొండకు గోడెందుకుంటుంది అని ఏ పిల్లో పిల్లాడో అడగకుండా ఉంటారా? అందుకే తర్వాత చాలా పుస్తకాల్లో 'అవుట్‌సైడ్' అని దిద్దారు.

ఇంకో చోట దిద్దడంతో సరిపోలేదు. 'ఆల్ థింగ్స్ బ్రైట్'లో, ధనికుడు కోటలో, పేదవాడు గుమ్మం దగ్గర, ఎవరి అంతస్తు వాళ్లకు దేవుడే నిర్ణయించాడు అని ఒక చరణం ఉంటుంది. 1848 అంటే ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లిపోయి జనం ఆకలితో రాలిపోతున్న కాలం. ఆ కరువులో పది లక్షల మంది దాకా చనిపోయారు. పిల్లల కోసం అంత ముద్దుగా రాసిన చేయి, ఆ రోజుల్లోనే ఈ మాట ఎలా రాసిందో నాకు మింగుడుపడదు. 1906లో ఇంగ్లండులో వచ్చిన ఒక పెద్ద కీర్తనల పుస్తకం ఆ చరణాన్ని తీసిపారేసింది. ఇప్పుడు దాన్ని పాడేవాళ్లు అరుదు.

మళ్లీ స్క్రివెన్ దగ్గరికి వస్తాను. 1886 ఆగస్టులో అతనికి జ్వరం. స్నేహితుడింట్లో పడుకోబెట్టారు. రాత్రి మంచం మీద మనిషి కనపడలేదు. వెతికితే దగ్గర్లోని నీళ్లలో శవమై దొరికాడు. దాహంతో వెళ్లి జారిపడ్డాడో, మరేమన్నానో, చూసినవాళ్లు లేరు. ఎలైజా సమాధి పక్కనే పూడ్చారు. ఈ పాట తనదని చాటుకోని మనిషికి తర్వాత అక్కడ రాతి స్తంభం నిలబెట్టి, అమ్మకు రాసిన ఆ చరణాలే దానిమీద చెక్కించారు.

ఇప్పుడు ఆ వరసనే వయొలిన్ మీద వినండి. సెలవు.