మక్కీకి మక్కీ దించినా భయం రాలేదు

అందరికీ నమస్కారం.

పోయిన ఆదివారం ఇదే హాల్లో రెండు ‘సైకో’లూ వరసగా చూశాం. ముందు 1960లో హిచ్‌కాక్ తీసింది, తర్వాత 1998లో గస్ వాన్ సాంట్ తీసిన రీమేక్. రెండోది సగానికి వచ్చేసరికి వెనక వరసలోంచి టీకని లేచినవాళ్లు మళ్లీ లోపలికి రాలేదు. నేను చూస్తూనే ఉన్నాను. వాళ్లను తప్పు పట్టను. ఆ సినిమా అంత చప్పగా ఎందుకు తయారైందో మాట్లాడమని నన్ను పిలిచారు.

మామూలుగా థ్రిల్లర్ తేలిపోయిందంటే స్క్రీన్‌ప్లే జారిందనో, సెకండాఫ్ సాగిందనో, ట్విస్టు ముందే తెలిసిపోయిందనో అంటాం. ఇక్కడ అలా అనడానికి లేదు. స్క్రిప్టు మొదటి సినిమాకి జోసెఫ్ స్టెఫానో రాసిందే. షాట్లు దాదాపు అవే. సంగీతం బెర్నార్డ్ హెర్మన్‌దే, డానీ ఎల్ఫ్‌మన్ దాన్ని మళ్లీ రికార్డు చేయించాడు. సెట్లో పాత సినిమా డీవీడీ పెట్టుకుని, చూసుకుంటూ తీశారు. మక్కీకి మక్కీ అంటామే, అదే. క్లాసులో ఫస్టు వచ్చేవాడి పేపరు పొల్లు పోకుండా కాపీ కొట్టి కూడా తప్పిన కుర్రాడి కథ ఇది.

తీసినవాడు అల్లాటప్పా మనిషి కాదు. సరిగ్గా ముందు ఏడాది వచ్చిన ‘గుడ్ విల్ హంటింగ్’కి దర్శకుడిగా ఆస్కార్ నామినేషన్ అందుకున్నాడు. కెమెరా పేరున్న ఛాయాగ్రాహకుడు క్రిస్టఫర్ డోయిల్ పట్టాడు. అయినా ప్రపంచమంతా కలిపి 3.7 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయింది. చెత్త దర్శకుడు, చెత్త రీమేక్ అంటూ రెండు ‘రాజ్జీ’లు, అంటే ఏటా చెత్త సినిమాలకిచ్చే వెక్కిరింపు అవార్డులు, కూడా అంటగట్టారు.

దీనికి అందరూ చెప్పే జవాబు ఒకటుంది. 1998 నాటికి కథ తెలియనివాళ్లు లేరు, అందుకే పోయింది అని. ఇందులో చాలా నిజముంది. 1960లో హిచ్‌కాక్ ఆ రహస్యాన్ని ఎంత జాగ్రత్తగా కాచుకున్నాడంటే, ఆట మొదలయ్యాక ఒక్కరిని కూడా లోపలికి వదలొద్దని థియేటర్లకు షరతు పెట్టాడు. మేనేజర్ తమ్ముడొచ్చినా, సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడొచ్చినా సరే గేటు తీయొద్దని ప్రచారం. ఎందుకంటే అందరూ జానెట్ లీ కోసం వస్తారు. ఆమె ముప్పావు గంటకల్లా హోటల్ గదిలో షవర్ కింద కత్తిపోట్లకు చచ్చిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాడు సినిమా అయ్యేదాకా హీరోయిన్ ఏదీ అని వెతుక్కుంటూ కూర్చుంటాడు. ఆ రోజుల్లో మన దగ్గర సావిత్రి సినిమాకి వెళ్తే, ఆవిడ ఇంటర్వెల్ పడకముందే చనిపోయి మళ్లీ తెర మీదకు రాకపోతే జనం ఏమైపోయేవారు? థియేటర్లో కుర్చీలు మిగిలేవి కావు.

1998లో ఆ దెబ్బ తగలదు. రీమేక్‌లో జానెట్ లీ పాత్ర వేసిన యాన్ హేష్ షవర్ తిప్పగానే హాలంతా కత్తి కోసమే చూస్తుంది. ఆ సీన్లో వచ్చే వయొలిన్ల కీచు ఈ 38 ఏళ్లలో ఎన్ని కామెడీల్లో వాడారో! భయపెట్టాల్సిన చోట నవ్వొస్తుంది.

మన రీమేకులనే చూడండి. మలయాళం నుంచి తెచ్చుకున్న ‘దృశ్యం’ 2014లో వెంకటేష్‌తో ఇక్కడ ఆడింది. తమిళం నుంచి వచ్చిన ‘రాక్షసుడు’ 2019లో ఆడింది. రెండూ మూలాన్ని పెద్దగా కదపలేదు. కదపకపోయినా ఆడాయంటే, మన హాల్లో కూర్చున్న చాలామందికి ఆ కథ కొత్త. రహస్యం రహస్యంగానే వచ్చింది.

నేనూ చాలాకాలం ఈ జవాబుతోనే సరిపెట్టుకున్నాను. మా అమ్మాయి దాన్ని చెడగొట్టింది. దానికి ‘సైకో’ అంటే పేరు తప్ప ఇంకేం తెలియదు. ఆ హోటల్ నడిపే నార్మన్ ఎవరో, వాళ్లమ్మ సంగతేమిటో అసలే తెలియదు. సరే, మంచి పరీక్ష కదా అని రీమేక్ ముందు చూపించాను. షవర్ సీన్లో ఉలిక్కిపడింది, ఒప్పుకుంటాను. ఆ తర్వాత పావుగంటకు ఫోన్ తీసింది. ‘‘వీడే ఏదో చేస్తున్నాడు నాన్నా, చూస్తేనే తెలుస్తోంది కదా’’ అంది. నెల తర్వాత పాతది చూపించాను. నలుపు తెలుపు అని మూతి ముడుచుకుని కూర్చుంది. ఆ మూతి షవర్ సీన్ దాకా కూడా ఉండలేదు. కథ అప్పటికి తెలిసిపోయింది, అయినా ఫోన్ జోలికి పోలేదు.

అంటే గొడవ కథ తెలియడం ఒక్కదానిలోనే లేదు. నార్మన్ దగ్గరుంది.

ఈ సినిమాకి మూలమైన నవలలో నార్మన్ నలభై ఏళ్లవాడు, లావుపాటి మనిషి, తాగుతాడు. హిచ్‌కాక్ దాన్ని పక్కన పడేసి ఆంథొనీ పెర్కిన్స్‌ని పెట్టుకున్నాడు. సన్నగా, బెదురు చూపులతో, మాట తడబడుతూ, పక్కింటి పిన్నిగారి అబ్బాయిలా ఉంటాడు. వాడిని చూస్తే అన్నం పెట్టాలనిపిస్తుంది. రీమేక్‌లో విన్స్ వాన్ భారీ మనిషి. మాటమాటకీ ఒక వెకిలి నవ్వు. గుమ్మంలో నిలబడితేనే ‘ఈ హోటల్ వద్దమ్మా, ముందుకెళ్లిపో’ అనాలనిపిస్తుంది. గోడ రంధ్రంలోంచి ఆమెను చూసే సీన్‌కు కొత్తగా ఒక చప్పుడు కూడా కలిపారు. ఏం చప్పుడో విడమరచి చెప్పను, పెద్దవాళ్లున్నారు. ఆ చప్పుడుతో వాడి మీద మనకు మిగిలిన కాస్త జాలీ పోతుంది.

జాలి పోతే ఏమవుతుంది? హత్య తర్వాతి సీన్ మొత్తం చచ్చిపోతుంది. నా దృష్టిలో ఈ సినిమాకి ప్రాణం అదే, షవర్ కాదు. పెర్కిన్స్ బకెట్, మాప్ తెచ్చి బాత్రూమ్ కడుగుతాడు. టబ్బు తుడుస్తాడు, చేతులు కడుక్కుంటాడు, శవాన్ని షవర్ కర్టెన్లో చుట్టి కారు డిక్కీలో పెడతాడు. ఇల్లు చెత్తగా పెట్టారని విసుక్కోకుండా శుభ్రం చేసే పెద్ద కొడుకులా ఓపిగ్గా చేస్తాడు. మాటల్లేవు. మంచం పక్కన బల్ల మీద మడిచిన పేపరుంది, అందులో ఆమె కొట్టుకొచ్చిన 40,000 డాలర్లున్నాయి. అది వాడికి తెలియదు, మనకు తెలుసు. చివరి నిమిషంలో పేపరు కంటపడుతుంది, తీసి అలాగే డిక్కీలోకి విసిరేస్తాడు. ఒరేయ్, అందులో డబ్బుందిరా అని అరవబోతాం!

ఆ తర్వాత కారును బురదగుంటలోకి తోస్తాడు. బుడబుడమంటూ దిగుతుంది, దిగుతుంది, సగంలో ఆగిపోతుంది. పెర్కిన్స్ నోట్లో ఏదో నములుతూ నములుతూ ఆపేస్తాడు, అటూ ఇటూ చూస్తాడు. మనం ఊపిరి బిగబడతాం. కొన్ని క్షణాలకు మళ్లీ కదిలి మునుగుతుంది, అప్పుడు ఊపిరి వదులుతాం. చూశారా, ముప్పావు గంట ఆ అమ్మాయి వెంట నడిచినవాళ్లం, ఆమె శవమున్న కారు మునిగితే హమ్మయ్య అనుకున్నాం! హిచ్‌కాక్ మనల్ని అక్కడికి తెచ్చి నిలబెట్టాడు. సైకలాజికల్ థ్రిల్లర్లో సైకాలజీ నార్మన్‌ది అనుకుంటాం గానీ, అక్కడ పని చేసేది మనది.

రీమేక్‌లో కారు అలాగే ఆగుతుంది, అలాగే మునుగుతుంది. ఆగితే ఏంటి, మునిగితే ఏంటి? ఆ మనిషి దొరికిపోతే మనకేం?

మిగతావి దీని ముందు చిన్నవే. 1960లో పెళ్లికాని జంట మధ్యాహ్నం భోజనం వేళ చవక హోటల్ గదిలో కలుసుకోవడం సిగ్గుపడాల్సిన విషయం. ఆ అపరాధ భావమే ఆమెను డబ్బు ఎత్తుకుపోయేదాకా తోస్తుంది. తెర మీద ‘1998’ అని వేసి అదే సీన్ తీస్తే ఆ సిగ్గు ఎక్కడినుంచి వస్తుంది? 40,000ని 4,00,000 చేశారు, మనుషులను మాత్రం అలాగే ఉంచారు. ఆమెను వెతుక్కుంటూ వచ్చిన డిటెక్టివ్ మెట్ల మీద చనిపోయేటప్పుడు మాస్క్ పెట్టుకున్న ఒక స్త్రీ, రోడ్డు మీద ఒక పశువు మెరుపులా కనిపిస్తాయి. కాపీ కొట్టేవాడికి మధ్యలో సొంత కవిత్వం పుట్టినట్టు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, అర్థమైనవాళ్లుంటే తర్వాత టీ దగ్గర చెప్పండి.

రీమేక్‌లో నాకు నచ్చిందీ ఒకటుంది. పాతదాంట్లో చివర డాక్టరు నిలబడి అంతా విడమరచి చెప్పే లెక్చరు నాకెప్పుడూ విసుగే. వాన్ సాంట్ దాన్ని కుదించాడు. హిచ్‌కాక్‌ను దిద్దే ధైర్యం మరో పది చోట్ల చేసుంటే ఈ సినిమా గురించి ఇంకోలా మాట్లాడుకునేవాళ్లం.

సరే, ఇప్పుడు లైట్లు ఆర్పుతారు. బురదగుంట సీన్ ఒక్కటే వేస్తున్నాం, ముందు పాతది, తర్వాత కొత్తది. కారు ఆగిపోయినప్పుడు తెర చూడకండి. పక్కన కూర్చున్నవాళ్ల మొహం చూడండి.